కీమో వికారం: ఓర్చుకోవలసిన బాధ కాదు, ఆపవలసిన బాధ

కీమోథెరపీ చేయించుకుంటే వాంతులు తప్పవన్న నమ్మకం మన ఇళ్లలో గట్టిగా పాతుకుపోయింది. ఎంతగా అంటే, వాంతులు కాని రోగిని చూసి "మందు సరిగా ఎక్కిందంటావా?" అని అనుమానపడే బంధువులు కూడా ఉన్నారు. ఈ నమ్మకానికి ఒక కాలంలో కొంత ఆధారం ఉండేది. ఈనాడు లేదు. వికారానికీ, క్యాన్సర్ కణాలు నశించడానికీ సంబంధం లేదు. వాంతులు ఎక్కువైనంత మాత్రాన మందు బాగా పనిచేసినట్టు కాదు. అసలు కాకపోయినంత మాత్రాన మందు వృథా అయినట్టూ కాదు.

అయినా నేటికీ ఎందరో రోగులు కీమో తరువాత మూడు నాలుగు రోజులు మంచం మీద ముడుచుకుని, గుక్కెడు మంచినీళ్లు కూడా సహించక గడుపుతున్నారు. కొందరు రెండో విడతకో మూడో విడతకో "ఇక నా వల్ల కాదు" అని చికిత్సే మానుకుంటున్నారు. నయం కాగల క్యాన్సర్ కూడా ఆ ఒక్క నిర్ణయంతో చేయి దాటిపోవచ్చు. మందులు లేకనా ఇదంతా? మందులున్నాయి, వాటిలో చాలావరకు జనరిక్ రూపంలో చవకగానే దొరుకుతున్నాయి. కీమో ఎక్కించే రోజు మీద పెట్టిన శ్రద్ధలో సగమైనా తరువాతి రోజుల మీద పెట్టకపోవడమే అసలు లోపమని నా అభిప్రాయం. ఈ లోపంలో ఆసుపత్రులకూ భాగముంది, కుటుంబాలకూ భాగముంది.

పాత భయం ఎక్కడిది?

కీమోథెరపీ చరిత్ర తొలి పుటల్లోనే ఒక తెలుగువాడి పేరు ఉంది. 1895లో భీమవరంలో జన్మించిన డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వం వహించారు. ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందుతో బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ సోకిన పిల్లలకు తాత్కాలికంగానైనా ఉపశమనం కలిగించగలిగారు. ఆ ఫలితాలు 1948లో వెలువడ్డాయి. అదే సంవత్సరం సుబ్బారావు గారు కన్నుమూశారు. ఆ మందుకు తోబుట్టువు వంటి మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది.

ఆ తొలి దశాబ్దాలలో వైద్యుల చూపంతా కణితి కరిగిందా లేదా అన్నదాని మీదనే ఉండేది. రోగి కడుపులో ఏమవుతోందన్నది తరువాతి మాట. 1978లో అమెరికాలో అనుమతి పొందిన సిస్‌ప్లాటిన్ ఆ ధోరణిని మార్చక తప్పని పరిస్థితి తెచ్చింది. ముదిరిన వృషణ క్యాన్సర్‌ను సైతం నయం చేయగలిగిన ఆ మందును నివారణ మందులు లేకుండా ఇస్తే నూటికి 90 మందికి పైగా వాంతులవుతాయి. ఒకటి రెండు వాంతులు కావు, రోజంతా తెరిపి లేని వాంతులు. మన పెద్దల మనసులో నిలిచిపోయిన కీమో దృశ్యం ఆ కాలానిదే.

ఆ తరువాత ఒక్కొక్క మెట్టుగా మార్పు వచ్చింది. 1981లో మెటోక్లోప్రమైడ్‌ను పెద్ద మోతాదులో ఇస్తే సిస్‌ప్లాటిన్ వాంతులు తగ్గుతాయని తేలింది. 1991లో అమెరికాలో ఆండన్‌సెట్రాన్‌కు అనుమతి లభించింది. 2003లో అప్రెపిటాంట్ వచ్చింది. నేడు ఈ మందులను సరైన కూర్పుతో ముందుగానే ఇస్తే, అతి తీవ్రంగా వాంతులు కలిగించే కీమోలో కూడా ఎక్కువ మంది రోగులకు వాంతులు కాకుండా చూడవచ్చు. ఇక్కడ "ముందుగానే" అన్న మాట ముఖ్యం. ఈ మందులు వాంతి మొదలయ్యాక ఆపడంలో కంటే మొదలు కాకుండా చూడడంలో ఎన్నో రెట్లు సమర్థమైనవి.

వాంతి ఆగింది, వికారం మిగిలింది

ఆస్ట్రేలియాలోని సిడ్నీలో 1983లో ఒక అధ్యయనం వెలువడింది. కీమో తీసుకుంటున్నవారిని, మీకు అన్నిటికంటే బాధ కలిగిస్తున్నదేమిటని అడిగారు. వాంతులు మొదటి స్థానంలో, వికారం రెండో స్థానంలో నిలిచాయి. పదేళ్ల తరువాత, 1993లో, అదే ప్రశ్న మళ్లీ అడిగారు. అప్పటికి ఆండన్‌సెట్రాన్ రంగంలోకి వచ్చింది. ఈసారి వాంతులు ఐదో స్థానానికి దిగిపోయాయి. మొదటి స్థానానికి మాత్రం వికారం ఎక్కి కూర్చుంది.

వైద్యులు ఎక్కువగా పట్టించుకోనిది ఈ తేడానే. వాంతి కంటికి కనిపిస్తుంది, లెక్కకు అందుతుంది. వికారం రోగికి తప్ప మరెవరికీ కనిపించదు. ఓపీలో డాక్టరు "వాంతులయ్యాయా అమ్మా?" అని అడుగుతారు. ఆమె "లేదండీ" అంటుంది. అది నిజమే. కానీ మూడు రోజులు కడుపులో తిప్పుతూనే ఉందనీ, నోట్లో చేదు ఊరుతూనే ఉందనీ, తాలింపు వాసనకే డోకు వచ్చిందనీ ఆమె చెప్పదు, అడగలేదు కాబట్టి. కేస్ షీటులో "వాంతులు లేవు" అని నమోదవుతుంది. తరువాతి విడతలో మందులు మారవు. బాధా మారదు.

మన భాషలో ఈ బాధకు మాటలకు కొదవ లేదు. వికారం, డోకు, ఓకరింపు, కడుపులో తిప్పడం, నోరు ఊరడం, అరుచి: ఒక్కొక్కటీ ఒక్కొక్క స్థితి. రోగి ఆ మాటల్లోనే చెప్పాలి, వైద్యుడు ఆ మాటల్లోనే అడగాలి. ఓకరింపు వచ్చి ఏమీ బయటపడకపోయినా అది వాంతితో సమానమైన బాధే. "కొంచెం బాగోలేదు" అన్న ఒక్క మాటలో అన్నిటినీ కలిపేస్తే చికిత్స చేసేవారికి అందే సమాచారం శూన్యం.

రెండు దారులు, రెండు సమయాలు

వికారం ఎందుకు వస్తుందో కొంత తెలిస్తే మందులను సమయానికి వేసుకోవాలన్న సలహాలోని అర్థం బోధపడుతుంది. కీమో మందు ఒంట్లో చేరగానే పేగుల లోపలి పొరలో కొన్ని కణాలు సెరటోనిన్ అనే రసాయనాన్ని విడుదల చేస్తాయి. అది వేగస్ నాడి చివరలను తట్టి, మెదడు కాండంలోని వాంతి కేంద్రానికి కబురు పంపుతుంది. ఇది మొదటి 24 గంటల కథ. ఆండన్‌సెట్రాన్, గ్రానిసెట్రాన్, పాలోనోసెట్రాన్ వంటి మందులు అడ్డుకునేది ఈ దారినే.

24 గంటలు గడిచాక కథ మారుతుంది. అప్పుడు ప్రధాన పాత్ర సబ్‌స్టెన్స్ పి అనే మరో రసాయనానిది. అది నేరుగా మెదడులో పనిచేస్తుంది. దీన్ని అడ్డుకునేవి అప్రెపిటాంట్ వంటి మందులు. డెక్సామెథసోన్, ఒలాంజపిన్ కూడా ఈ దశలో ఎంతో తోడ్పడతాయి. ఈ రెండో దశ ఐదు రోజుల వరకు సాగవచ్చు. సిస్‌ప్లాటిన్ విషయంలో 48 నుంచి 72 గంటల మధ్య తారస్థాయికి చేరుతుంది. అంటే మూడో రోజు. ఆ రోజున ఆండన్‌సెట్రాన్ మాత్రలు ఒకటికి రెండు మింగినా ప్రయోజనం అంతంత మాత్రమే. మూసి ఉన్న తలుపుకే మళ్లీ గడియ పెట్టినట్టు. తెరిచి ఉన్నది మరో తలుపు. దానికి మరో వర్గం మందు కావాలి.

అన్ని కీమోలూ ఒకటి కావని కూడా గుర్తుంచుకోవాలి. సిస్‌ప్లాటిన్, రొమ్ము క్యాన్సర్‌లో కలిపి ఇచ్చే డాక్సోరుబిసిన్, సైక్లోఫాస్ఫమైడ్ జంట అతి తీవ్ర వర్గానికి చెందినవి. పెద్దపేగు క్యాన్సర్‌లో వాడే ఆక్సాలిప్లాటిన్ మధ్య వర్గం. పాక్లిటాక్సెల్ తక్కువ వర్గం. విన్‌క్రిస్టిన్‌తో వాంతులు అరుదు. పక్క మంచం ఆమెకు ఏమీ కాలేదనో, చాలా అయిందనో మనకూ అంతేనని అనుకోరాదు. మనిషిని బట్టి కూడా తేడా ఉంటుంది. యాభై ఏళ్లలోపు వారికి, స్త్రీలకు, బస్సు ప్రయాణం పడనివారికి, గర్భిణిగా ఉన్నప్పుడు వేవిళ్లతో బాగా అవస్థ పడ్డవారికి, ఆందోళన ఎక్కువగా ఉన్నవారికి వికారం ఎక్కువ. "మీకు వేవిళ్లు ఎలా ఉండేవి?" అని డాక్టరు అడగకపోతే మీరే చెప్పండి. అది ఉపయోగపడే సమాచారం.

సెలవు ఏ రోజుకు పెట్టాలి?

ఇప్పుడు మన లింగంపల్లి సంగతికి వస్తాను. కాకినాడ నుంచి వచ్చే గౌతమి ఇక్కడికే చేరుతుంది. తిరుపతికి వెళ్లే నారాయణాద్రి ఇక్కడే బయలుదేరుతుంది. చుట్టూ నల్లగండ్ల, తెల్లాపూర్, గోపన్‌పల్లి, చందానగర్ అపార్ట్‌మెంట్లు. ఐటీ ఉద్యోగాల్లో ఉన్న పిల్లలు, ఊరి నుంచి తల్లినో తండ్రినో చికిత్సకు తెచ్చుకుని దగ్గర పెట్టుకున్న ఇళ్లు వాటిలో ఎన్నో ఉన్నాయి. రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికో, బంజారాహిల్స్‌లోని బసవతారకానికో, పంజాగుట్ట నిమ్స్‌కో, దగ్గరలోని ప్రైవేటు ఆసుపత్రికో తీసుకువెళతారు. చాలా కీమోలు నేడు డే కేర్ పద్ధతిలో జరుగుతాయి. ఉదయం వెళ్లి సాయంత్రం ఇంటికి వచ్చేయవచ్చు. ఇది మంచి మార్పే. కానీ దీనివల్ల వికారం ఆసుపత్రి నుంచి ఇంటికి తరలింది.

కుటుంబం చేసే ఏర్పాట్లు గమనించండి. కొడుకో కూతురో కీమో రోజున సెలవు పెడతారు. ఆ రోజు చుట్టూ నర్సులుంటారు, సెలైన్ ఉంటుంది, వాంతుల మందు ఇంజెక్షన్ రూపంలో ముందే ఎక్కుతుంది. సాయంత్రానికి రోగి నవ్వుతూ ఇంటికి వస్తారు. "ఏమీ కాలేదు, భయపడ్డాం గానీ" అనుకుంటారు. మర్నాడు పిల్లలు ఆఫీసుకు వెళతారు, లేదా పక్క గదిలో తలుపు వేసుకుని మీటింగులలో కూర్చుంటారు. మూడో రోజు మధ్యాహ్నం, తారస్థాయి వేళకు, ఆ అమ్మ ఒంటరిగా ఉంటుంది. పిలిస్తే పిల్లల పని చెడుతుందని పిలవదు. వాంతి కాలేదు కదా అని మాత్ర వేసుకోదు. పైగా, "ఖాళీ కడుపున ఇన్ని మాత్రలెందుకు" అని ఆ పూట మానేస్తుంది. సాయంత్రానికి నోట్లో నీళ్లు కూడా నిలవవు.

కాబట్టి నా సలహా సూటిగా చెబుతాను. కీమో రోజుకు తోడుగా ఇరుగుపొరుగునో, బంధువునో పంపగలిగితే పంపండి. మీ సెలవును మూడో రోజుకు దాచుకోండి. రెండు రోజులూ సెలవు దొరికితే మరీ మంచిది. దొరకకపోతే రెండో రోజు నుంచి నాలుగో రోజు వరకు పూటకు ఒకసారి ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడగండి: మాత్ర వేసుకున్నావా? ఎన్ని గ్లాసుల నీళ్లు తాగావు? మూత్రం వచ్చిందా? ఐటీ సంస్థల మేనేజర్లకు కూడా ఒక మనవి. ఉద్యోగి తల్లిదండ్రుల కీమోకు సెలవు అడిగినప్పుడు, "కీమో అయిపోయింది కదా" అన్న మాట మీ నోట రాకుండా చూసుకోండి. మందు ఎక్కించడం అయిపోయినప్పుడే ఇంటి పని మొదలవుతుంది.

ఇంటి వాళ్లు మానిపించే మందులు

వికార నివారణ చీటీలో సాధారణంగా ఉండే మందుల్లో రెండింటిని కుటుంబాలే మానిపిస్తుంటాయి. మొదటిది డెక్సామెథసోన్. "స్టీరాయిడ్ అటండీ, వద్దు" అని పక్కన పెట్టేస్తారు. నెలల తరబడి స్టీరాయిడ్ వాడితే వచ్చే నష్టాలు వేరు, కీమో సమయంలో రెండు మూడు రోజులు వాడడం వేరు. దీనివల్ల నిద్ర తగ్గవచ్చు. అందుకే ఉదయం, ఆహారం తరువాత వేసుకోమంటారు. మధుమేహం ఉన్నవారికి ఆ రోజుల్లో చక్కెర పెరగవచ్చు కాబట్టి గ్లూకోమీటరుతో చూసుకుంటూ డాక్టరుకు చెప్పాలి. మోతాదు తగ్గించాలా, మానాలా అన్నది వైద్యుడి నిర్ణయం. కుటుంబం స్వయంగా తీసుకోవలసిన నిర్ణయం కాదు.

రెండోది ఒలాంజపిన్. ఇది మొదట మానసిక వ్యాధులకు వచ్చిన మందు. మందుల షాపులో కుర్రాడు చీటీ చూసి "ఇది మెంటల్ మాత్ర సార్, ఎవరికి?" అంటాడు. ఇంటికి వచ్చి ఇంటర్నెట్‌లో వెతికితే స్కిజోఫ్రీనియా అని కనిపిస్తుంది. "అమ్మకు పిచ్చి మందు ఇస్తారా?" అని మాత్రలను అలమారలో పడేస్తారు. నిజానికి వికారం మీద, ముఖ్యంగా ఆలస్యంగా వచ్చే వికారం మీద, ఇంత బాగా పనిచేసే మందు మరొకటి చెప్పడం కష్టం. 2016లో అమెరికాలో వెలువడిన పెద్ద అధ్యయనంలో మిగిలిన మూడు రకాల మందులకు దీన్ని జోడిస్తే వికారం అసలు లేనివారి సంఖ్య స్పష్టంగా పెరిగింది. దాని ఇబ్బంది మగత. ఆ అధ్యయనంలో వాడిన మోతాదు 10 మిల్లీగ్రాములు.

ఇక్కడ మన దేశం నుంచి వచ్చిన ఒక మేలైన పరిశోధనను చెప్పుకోవాలి. ముంబైలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి వైద్యులు 10 మిల్లీగ్రాములకు బదులు 2.5 మిల్లీగ్రాములు ఇచ్చి చూశారు. వికారం, వాంతుల నియంత్రణలో తక్కువ మోతాదు వెనుకబడలేదు. పగటి మగత మాత్రం బాగా తగ్గింది. 2024లో ఆ ఫలితాలు లాన్సెట్ ఆంకాలజీలో ప్రచురితమయ్యాయి. జపాన్‌లో 5 మిల్లీగ్రాములతో చేసిన అధ్యయనం 2020లోనే వెలువడింది. కాబట్టి మగత ఎక్కువగా ఉంటే మందు మానడం కంటే, "మోతాదు తగ్గించవచ్చా?" అని డాక్టరును అడగడం తెలివైన పని. రాత్రి పడుకునే ముందు వేసుకోవడం, వృద్ధులైతే రాత్రి బాత్రూముకు వెళ్లేటప్పుడు తోడుండడం తప్పనిసరి.

మూడో సంగతి మలబద్ధకం. ఆండన్‌సెట్రాన్ వర్గపు మందులు వికారాన్ని ఆపుతూనే పేగుల కదలికను మందగింపజేస్తాయి. నాలుగు రోజులు విరేచనం కాకపోతే దానివల్లనే మళ్లీ వికారం. రోగి దాన్ని కీమో వికారమనుకుని మళ్లీ ఆండన్‌సెట్రాన్ వేసుకుంటారు. ఈ సుడిగుండంలో పడకుండా, కీమో చీటీలోనే విరేచనం సాఫీగా అయ్యే మందు కూడా రాయమని అడగండి.

పళ్లెంలో ఏమి పెట్టాలి?

తిండి విషయంలో మన వాళ్ల ప్రేమ ఒక్కోసారి శిక్షగా మారుతుంది. "తినకపోతే ఎలా? నీరసం వస్తుంది" అంటూ పళ్లెం నిండా వడ్డించి ఎదురుగా కూర్చుంటారు. రోగికి ఆ పళ్లెం చూడగానే వికారం. రెండు గంటలకొకసారి నాలుగు ముద్దలు చాలు. వేడి వేడి కూరల కంటే చల్లారిన ఆహారం మేలు, ఎందుకంటే వేడి తగ్గితే వాసనా తగ్గుతుంది. ఇంట్లో తోడుపెట్టిన పెరుగుతో అన్నం, ఇడ్లీ, రాగి జావ, పలచని మజ్జిగ, గంజి, మరమరాలు చాలామందికి సహిస్తాయి. నీళ్లు సహించకపోతే ఓఆర్ఎస్‌ను చెంచాలతో గుక్కగుక్కగా ఇవ్వండి. తాలింపు వేసేటప్పుడు రోగి ఉన్న గది తలుపు వేయండి. రోగి ఇంటి ఇల్లాలే అయితే ఆ ఐదు రోజులూ ఆమెను వంటింట్లోకి రానివ్వకండి. వంట ఎవరు చేస్తారన్న ప్రశ్నకు జవాబు కీమోకు ముందే వెతుక్కోవాలి.

కీమో రోజున ఇష్టమైన వంటలు చేసి పెట్టకండి. ఇది వింతగా తోచవచ్చు. 1978లో అమెరికాలోని సియాటిల్‌లో ఒక పరిశోధన జరిగింది. కీమోకు ముందు పిల్లలకు ఒక కొత్త రుచి ఐస్‌క్రీం ఇచ్చారు. తరువాత ఆ పిల్లల్లో ఎక్కువ మంది ఆ ఐస్‌క్రీంను తిరస్కరించారు. వికారం కలిగిన వేళ తిన్న ఆహారాన్ని మన శరీరం శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది. అమ్మకు ఇష్టమని ఆ రోజు గుత్తివంకాయ చేసి పెడితే ఆమెకు గుత్తివంకాయే శాశ్వతంగా దూరం కావచ్చు. ఇష్టమైనవి బాగున్న రోజులకు దాచండి.

అల్లం గురించి చాలామంది అడుగుతారు. కొన్ని అధ్యయనాల్లో అల్లం కొంత మేలు చేసింది, మరికొన్నింటిలో చేయలేదు. అల్లం ముక్క చప్పరించడం, అల్లం టీ తాగడం సహిస్తే చేయండి. మాత్రలకు బదులుగా మాత్రం కాదు. చూర్ణాలు, కషాయాలు, పసర్లు మాత్రం మీ డాక్టరుకు చెప్పకుండా వాడకండి. వాటిలో కొన్ని కాలేయంలో కీమో మందు విచ్ఛిన్నమయ్యే తీరును మార్చగలవు. బండి మీది చెరకు రసం, కోసి పెట్టిన పండ్ల ముక్కలు కీమో కాలంలో వద్దు. తెల్ల రక్తకణాలు తగ్గిన వేళ విరేచనాలు పట్టుకుంటే ప్రాణాపాయం.

ఎంఎంటీఎస్‌లోనే మొదలయ్యే వికారం

కొందరికి మూడో నాలుగో విడత వచ్చేసరికి మందు ఎక్కకముందే వికారం మొదలవుతుంది. లింగంపల్లిలో ఎంఎంటీఎస్ ఎక్కినప్పుడు బాగానే ఉంటారు. ఖైరతాబాద్ దాటి లక్డీకాపూల్ దగ్గరపడగానే కడుపులో తిప్పడం మొదలు. ఆసుపత్రి ఫినాయిల్ వాసనకే డోకు. ఇది నటన కాదు, పిరికితనం కాదు. ఆహారానికీ వికారానికీ ముడిపడినట్టే, దారికీ వికారానికీ కూడా మెదడు ముడివేసుకుంది. దీనికి మామూలు వాంతుల మందులు సరిగా పనిచేయవు. ముందు రాత్రి, ఆ ఉదయం వేసుకునే ఆందోళన తగ్గించే మాత్రలు, శ్వాస సాధన, మనసును మళ్లించే సంభాషణ, సంగీతం తోడ్పడతాయి. అన్నిటికంటే మంచి నివారణ మొదటి విడతలోనే వికారం రాకుండా చూడడం. మొదటి విడతను నిర్లక్ష్యం చేసినవారు తరువాతి విడతలన్నిటికీ వడ్డీ కడతారు.

ప్రయాణం గురించి ఒక మాట. బస్సు కుదుపులు పడనివారికి రైలు మేలు. క్యాబ్ అయితే డ్రైవరును సెంటు డబ్బా తీసేయమని అడగండి. ముందు సీట్లో, అద్దం కొద్దిగా దించి కూర్చోబెట్టండి. వాన పడితే లింగంపల్లి రైల్వే అండర్‌పాస్‌లో నీళ్లు నిలిచి ట్రాఫిక్ గంటల తరబడి ఆగిపోవడం మనకు కొత్త కాదు. కాబట్టి ఆ సాయంత్రపు మాత్ర, నీళ్ల సీసా, రెండు కవర్లు సంచిలో పెట్టుకునే బయలుదేరండి.

ఆసుపత్రులను కోరేది

ఆసుపత్రుల మీద ఎంత భారముందో నాకు తెలియనిది కాదు. ఒక్కో ఓపీలో ఒక్కో రోగికి ఎన్ని నిమిషాలు దక్కుతాయో కూడా తెలుసు. అందుకే ఎక్కువ సమయం అక్కరలేని మూడు పనులనే కోరుతున్నాను. ఒకటి, కీమో ముగించి పంపేటప్పుడు తెలుగులో ఒక్క కాగితం: ఏ రోజు, ఏ పూట, ఏ మాత్ర, ఎందుకు అన్న పట్టిక. చదువు రానివారికి సూర్యుడు, చంద్రుడు బొమ్మలు చాలు. రెండు, మూడో రోజున నర్సు నుంచి ఒక్క ఫోన్ కాల్. రెండు నిమిషాలు పడుతుంది. మూడు, తరువాతి విడతకు ముందు వాంతుల గురించి, వికారం గురించి వేర్వేరుగా రెండు ప్రశ్నలు.

వ్యయం మాటేమిటని కొందరు అడగవచ్చు. వాంతులతో నీరసించి అత్యవసర విభాగంలో చేరిన ఒక్క రాత్రి ఖర్చుతో ఈ మాత్రలు ఎన్నో విడతలకు కొనవచ్చు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం పేదలకు కీమోను అందుబాటులోకి తెచ్చింది. మీరు ఆ పథకంలో చికిత్స పొందుతుంటే, ఇంటి దగ్గర వాడవలసిన వాంతుల మందులు ప్యాకేజీలో ఉన్నాయా అని ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోండి. కీమో మందుకు ప్రభుత్వం డబ్బు చెల్లిస్తున్నప్పుడు ఆ కీమోను భరించగలిగేలా చేసే మందులకూ చెల్లించాలన్నది న్యాయమైన కోరిక.

ఎప్పుడు ఆగకూడదు?

ఇంటి జాగ్రత్తలకు ఒక హద్దు ఉంది. 24 గంటలుగా నీళ్లు కూడా నిలవకపోయినా, ఎనిమిది గంటలుగా మూత్రం రాకపోయినా, వాంతిలో రక్తమో కాఫీ పొడి వంటి నలుపో కనిపించినా, కడుపు ఉబ్బి గాలి కూడా పోకపోయినా, తీవ్రమైన తలనొప్పితో వాంతులైనా, మనిషి మత్తుగా పొంతన లేకుండా మాట్లాడినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే అర్ధరాత్రి అయినా సరే, తెల్లవారేదాకా ఆగకూడదు. సిస్‌ప్లాటిన్ తీసుకున్నవారిలో ఒంట్లో నీరు తగ్గితే మూత్రపిండాలు దెబ్బతింటాయి. ప్రతి వాంతీ కీమో వల్లనే అనుకోవడం కూడా పొరపాటు. పేగులో అడ్డంకి, రక్తంలో కాల్షియం పెరగడం, నొప్పికి వాడే మార్ఫిన్ కూడా కారణం కావచ్చు.

మన సంస్కృతిలో ఓర్పుకు గొప్ప గౌరవం ఉంది. ముఖ్యంగా స్త్రీల ఓర్పును మనం పొగిడినంతగా మరెవరూ పొగడరేమో. కానీ క్యాన్సర్ రోగి ఓర్చుకోవలసినవి ఇప్పటికే చాలా ఉన్నాయి. ఆపగలిగిన బాధను కూడా ఓర్చుకోమనడం ధైర్యం చెప్పడం కాదు, బాధ్యత దులుపుకోవడం. కీమో తీసుకుంటున్నవారు మీ ఇంట్లో ఉంటే తరువాతి విడతకు వెళ్లినప్పుడు డాక్టరుగారిని ఇలా అడగండి: "ఈ కీమో ఏ వర్గానికి చెందినది? రెండో రోజు నుంచి నాలుగో రోజు దాకా ఏ మందు వాడాలి? అది పనిచేయకపోతే ఎవరికి ఫోన్ చేయాలి?" మూడో ప్రశ్నకు జవాబుగా ఒక ఫోన్ నంబరు చేతిలో పడేదాకా కుర్చీలోంచి లేవకండి.